రెండో తరగతి పాప నుంచి డెబ్బై దాటిన తాతగారి దాకా: డిగ్రీ చదువుతూ ట్యూషన్ చెప్పడం ఎలా

మేడ మీద గది అద్దెకు తీసుకుని డిగ్రీ చదివే వాళ్లకు ఎప్పుడో ఒకరోజు కింది వాటా నుంచి పిలుపు వస్తుంది. “ఏమ్మా, ఖాళీగా ఉంటే మా వాడికి కాస్త లెక్కలు చెప్పకూడదూ?” కాకినాడ రామారావుపేటలో నాకు ఆ పిలుపు బీఎస్సీ మొదటి ఏడాదిలోనే వచ్చింది. ఇప్పుడు ఫైనలియర్. ఈ మధ్యలో నా దగ్గర చదువుకున్నవాళ్లలో రెండో తరగతి పాప ఉంది, పదో తరగతి అమ్మాయి ఉంది, వీధి చివర కుట్టు మిషన్ పిన్నిగారు ఉన్నారు, మా ఓనరుగారి నాన్నగారు కూడా ఉన్నారు. బీఈడీ చేసినవాళ్లకు ఇందులో కొత్త ఏమీ కనిపించకపోవచ్చు. రేపు సాయంత్రం మొదటి ట్యూషన్‌కు వెళ్లాల్సిన వాళ్ల కోసం రాస్తున్నాను.

ఒప్పుకునే ముందు

ముందు మన టైమ్‌టేబుల్ చూసుకోవాలి. ల్యాబ్ అయ్యేసరికి నాలుగున్నర, గది చేరేసరికి ఐదున్నర, రికార్డులు రాయడం, వండుకోవడం. ఇవన్నీ పోగా నాకు వారానికి పది గంటలు మిగులుతాయి. అంతకు మించి ఒప్పుకున్న సెమిస్టర్‌లో ఒక పేపర్ తప్పాను. అందుకే ఈ లెక్క గట్టిగా చెబుతున్నాను.

తర్వాత, ట్యూషన్ ఎవరికి కావాలో కనుక్కోండి. అడిగేది అమ్మ, కూర్చునేది పిల్లాడు. ఒప్పుకునే ముందు పిల్లాడితో ఐదు నిమిషాలు విడిగా మాట్లాడి, “నీకు ఏది కష్టంగా ఉంది?” అని అడగండి. “ఏమీ లేదక్కా” అన్నా ఫర్వాలేదు. అడిగిన సంగతి వాడికి గుర్తుంటుంది.

ఇంటికి వెళ్లి చెప్పేటట్టయితే హాల్లోనే కూర్చోండి, తలుపు తెరిచే ఉంచండి, ఇంట్లో ఇంకో పెద్దమనిషి ఉన్న వేళే వెళ్లండి. పిల్లలకు విడిగా మెసేజ్‌లు పెట్టకండి. ఏదైనా వాళ్ల అమ్మానాన్నల ఫోన్‌కే. ఇది పిల్లల కోసం, మన కోసం కూడా. చీకటి పడ్డాక వేరే వీధికి వెళ్లాల్సి వస్తే నేను ఒప్పుకోను. ఫీజు ఎంతైనా సరే.

డిగ్రీ పూర్తికాకుండా చెప్పొచ్చా అని కొందరు అడుగుతుంటారు. కోచింగ్ సెంటర్లలో డిగ్రీ లేనివాళ్లను పాఠం చెప్పడానికి పెట్టుకోకూడదని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరి మార్గదర్శకాల్లో ఉన్న మాట నిజమే. కానీ అవి యాభై మందికి మించిన కేంద్రాల గురించి. హాల్లో చాప మీద ముగ్గురు పిల్లల్ని కూర్చోబెట్టుకునే మనం ఆ లెక్కలోకి రాం.

మొదటి రోజు పాఠం చెప్పకండి

మొదటి రోజంతా ఒక్క పనికే: ఎక్కడ ఆగిపోయారో కనిపెట్టడానికి. నాకు ఇది తెలిసింది కింది వాటా అబ్బాయి వల్ల. వాడిది ఎనిమిదో తరగతి. “స్క్వేర్ రూట్లు రావట్లేదమ్మా” అన్నారు వాళ్లమ్మగారు. నేను వారం రోజులు భాగహార పద్ధతిలో వర్గమూలం ఎంతో శ్రద్ధగా చెప్పాను. జతలు విడదీయడం వచ్చింది, గీతలు వచ్చాయి, జవాబు మాత్రం రాలేదు. ఎనిమిదో రోజు విసిగిపోయి, వాడు వేస్తున్న ఒక్కొక్క గీతా చూస్తూ కూర్చున్నాను. తీసివేత దగ్గర పెన్సిలు ఆగింది. పక్క కాగితం మీద 502 లోంచి 347 తీసెయ్యమన్నాను. 245 అని రాశాడు.

ఎలా వచ్చిందో చూడండి. ఐదులోంచి మూడు పోతే రెండు. సున్నా, నాలుగు ఉన్నచోట పెద్దదాంట్లోంచి చిన్నది తీశాడు, నాలుగు. రెండు, ఏడు ఉన్నచోట కూడా అదే పని, ఐదు. పైనున్న అంకె చిన్నదైతే తిరగేసి తీసెయ్యడం వాడు సొంతంగా కనిపెట్టుకున్న రూలు. మూడో తరగతి నుంచి దాంతోనే నెట్టుకొస్తున్నాడు. వర్గమూలాల్లో తీసివేత ప్రతి మెట్టులోనూ వస్తుంది కాబట్టి ఇక్కడ దొరికిపోయాడు.

పాత రికార్డు కాగితాలు కత్తిరించి నోట్లు చేశాను. వంద నోట్లు ఐదు, పది నోట్లు ఒక్కటీ లేవు, రూపాయి బిళ్లలు రెండు. “కూరలబ్బాయికి 347 ఇవ్వాలి, ఇయ్యి” అన్నాను. కాసేపు చూసి, “ఏడు రూపాయలు లేవుగా అక్కా, మార్చాలి” అన్నాడు. మార్చమన్నాను. ఒక వంద ఇచ్చి పది పదులు తీసుకున్నాడు. ఒక పది ఇచ్చి పది రూపాయి బిళ్లలు తీసుకున్నాడు. ఇప్పుడు ముందున్నవి నాలుగు వందలు, తొమ్మిది పదులు, పన్నెండు రూపాయలు. ఇచ్చేశాడు. మిగిలింది లెక్కపెట్టుకుని, ఇందాక రాసిన 245 వైపు చూశాడు. 155. నేనేమీ అనలేదు. “అప్పు తెచ్చుకోవడం అంటే ఇదేనా!” అన్నాడు. ఐదేళ్లుగా ఆ మాట వింటూనే ఉన్నాడు మరి.

అప్పటి నుంచి ఎవరొచ్చినా మొదటి రోజు రెండు కాగితాలు ఇస్తాను. ఒకటి చదవడానికి, ఒకటి లెక్కలకు. పల్లెల్లో పిల్లల చదువును చూసే అసర్ సర్వేలో వాడే వరసనే నేనూ వాడుకుంటున్నాను: అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి స్థాయి చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ. లెక్కల్లో ఒకట్ల అంకెలు, రెండంకెల సంఖ్యలు, అప్పు తెచ్చుకునే తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. ఎనిమిదో తరగతి వాడికి కూడా ఇదే ఇవ్వండి. పది నిమిషాల్లో అయిపోతుంది. ఎక్కడ తడబడితే అక్కడి నుంచి మీ పాఠం.

ఒక జాగ్రత్త. అమ్మానాన్నల ముందు ఈ పరీక్ష పెట్టకండి. “ఎనిమిదో తరగతికి వచ్చి తీసివేతలు రావా నీకు?” అన్న మాట ఒక్కసారి పడిందంటే నెల రోజుల పని వెనక్కి పోతుంది.

గంటను ఎలా గడపాలి

నా గంట ఇలా నడుస్తుంది. మొదటి ఐదు నిమిషాలు పుస్తకం మూసి ఉంటుంది. కిందటిసారి ఏం చేశామో గుర్తున్నంత రాయమంటాను. మొదట్లో అందరూ విసుక్కుంటారు. నేర్చుకున్నది మొదటి ఒకటి రెండు రోజుల్లోనే చాలా వరకు జారిపోతుందని హెర్మాన్ ఎబింగ్‌హాస్ అనే జర్మన్ తన మీద తనే ప్రయోగాలు చేసుకుని 1885లో చూపించాడు. జారిపోయేలోపు మళ్లీ బయటికి లాగాలి. ఖాళీ కాగితం మీద రాయించడం ఆ పని చేస్తుంది.

తర్వాత కొత్త విషయం, పదిహేను నిమిషాలకు మించకుండా. మిగతా టైమంతా వాళ్ల చేతిలో పెన్ను. నా చేతిలో పెన్ను ఉంటే నేను లెక్క చేసేస్తానని నాకు తెలుసు, అందుకే సంచిలోనే ఉంచుతాను.

“అర్థమైందా?” అని అడగడం మానేయండి. జవాబు ఎప్పుడూ “ఆ” అనే వస్తుంది. బదులుగా “ఇప్పుడు నాకు చెప్పు, నేను రాని దాన్ని అనుకో” అనండి. అడిగాక మనసులో పది లెక్కపెట్టండి. ట్యూషన్ చెప్పడంలో నాకు అన్నిటికంటే కష్టమైనది ఇదే. నాలుగు దగ్గరికి వచ్చేసరికే జవాబు నోట్లోంచి తన్నుకొస్తుంది. ఆపుకోండి. ఏడో ఎనిమిదో అంకె దగ్గర ఎదుటివాళ్లు మొదలుపెడతారు.

మనకు తెలియనిది అడిగితే “తెలియదు, రేపు చూసి చెబుతా” అనండి. రేపు తప్పకుండా చెప్పండి. మర్చిపోయారంటే ఆ తర్వాత మీరు చెప్పే వాటి మీద కూడా అనుమానం వస్తుంది.

చిన్న పిల్లలు

రెండో తరగతి పాప మొదటి రోజు తెలుగు వాచకం తెరిచి పాఠం గణగణా చదివేసింది. వాళ్ల నానమ్మగారు మురిసిపోయారు. నేను బొమ్మను చేత్తో మూసి, నాలుగో లైన్ మధ్యలో ఒక మాట మీద వేలుపెట్టి, “ఇదేంటి?” అన్నాను. పాప మొదటి లైన్ నుంచి లోపల్లోపల చదువుకుంటూ ఆ మాట దాకా వచ్చి అప్పుడు చెప్పింది. అంటే పాఠం నోటికి వచ్చు, చదవడం రాదు.

ఇలాంటి పిల్లలకు నేను చేసేది తేలిక. లైన్‌ను చివరి మాట నుంచి వెనక్కి చదివిస్తాను. పాఠంలో మాటల్ని చిన్న చీటీల మీద రాసి కలిపేసి తీయిస్తాను. ఒత్తుల దగ్గర ఎక్కువ రోజులు ఆగుతాను. అమ్మ, అక్క, చెట్టు లాంటివి త్వరగా వస్తాయి, కింద ఉన్నది అదే అక్షరం ఒత్తు కాబట్టి. పుస్తకం, పద్యం, రాత్రి దగ్గర బండి ఆగుతుంది. ఒక్కో ఒత్తుకు ఒక్కో రోజు ఇవ్వండి, తొందరేం లేదు. గంట కూర్చోబెట్టకండి, నలభై నిమిషాలు చాలు. అందులో పది నిమిషాలు మీరే కథ చదివి వినిపించండి. ఇంగ్లీష్ రైమ్స్ కూడా చెప్పమ్మా అని నానమ్మగారు అడిగితే నేను చివర్లో ఒకటి పాడించి పంపేస్తుంటాను. ఇంట్లో వాళ్లకూ కాస్త సంతోషం ఉండాలి కదా.

పదో తరగతి, ఇంటర్

పదో తరగతి వాళ్లు వచ్చేది సాధారణంగా జనవరిలో, సంక్రాంతి అయ్యాక. పబ్లిక్ పరీక్షలు మార్చిలో. పాసవ్వాలంటే 35 రావాలి, వాళ్లకు లెక్కల్లో వస్తున్నది ఇరవై. ఇక్కడ మొదటి నుంచి చెబుతానని కూర్చుంటే కుదరదు. సంభావ్యత, సాంఖ్యక శాస్త్రంలో మధ్యగతం, బాహుళకం, వర్గ సమీకరణాల్లో తేలికవి, గ్రాఫు. వీటితో మొదలుపెట్టి ముందు భయం తగ్గించండి. త్రికోణమితి తర్వాత.

పాత ప్రశ్నపత్రాలు వెయ్యించేటప్పుడు ఒకటి గమనించాను. చాలాసార్లు లెక్క రాక కాదు, ప్రశ్న అర్థంకాక మార్కులు పోతున్నాయి. ఇంగ్లీష్ మీడియం అమ్మాయి. రెండు నాణేలు ఎగరేస్తే ‘అట్ లీస్ట్ వన్ హెడ్’ పడే సంభావ్యత అడిగితే 1/2 అని రాసింది. ఆ అమ్మాయి దృష్టిలో అది “ఒక బొమ్మ”. బొమ్మ-బొమ్మ, బొమ్మ-బొరుసు, బొరుసు-బొమ్మ, బొరుసు-బొరుసు అని నాలుగూ రాయించి, “కనీసం ఒక బొమ్మ ఉన్నవాటికి టిక్కు పెట్టు” అన్నాను. “కనీసం” అన్న మాట వినగానే మూడింటికి టిక్కు పెట్టి 3/4 అంది. ఆరోజు నుంచి ‘అట్ లీస్ట్’, ‘అట్ మోస్ట్’, ‘రెస్పెక్టివ్‌లీ’, ‘హెన్స్’ లాంటి మాటలకు నోట్స్ వెనక పేజీలో తెలుగు అర్థాలు రాయిస్తున్నాను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడి పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీష్ ఉంటుంది. ప్రైవేటు బడి పిల్లలైనా వాటిని ఒకసారి సంపాదించుకుంటే చాలా పనికొస్తాయి.

(a+b)² ను a²+b² అని రాసేవాళ్లకు సూత్రం మళ్లీ చెప్పకండి. ఐదు, మూడు పెట్టి చూడమనండి. ఒకవైపు 64, ఇంకోవైపు 34. మిగిలిన 30 ఎక్కడికి పోయిందో వాళ్లే వెతుక్కుంటారు.

ఇంటర్ వాళ్లకు మనకు మధ్య రెండు మూడేళ్లే తేడా. పెద్దరికం నడవదు, నడిపించనూ అక్కర్లేదు. ఈఏపీసెట్ రాసే అబ్బాయికి నేను సబ్జెక్ట్ చెప్పిందే తక్కువ, గడియారం పెట్టి కూర్చోబెట్టిందే ఎక్కువ. 180 నిమిషాలు, 160 ప్రశ్నలు. నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి ఒక్కటీ ఖాళీ వదలకూడదు. అంత తెలిసీ మొదటి మాక్ టెస్ట్‌లో ముప్పై వదిలేశాడు.

పెద్దవాళ్లు

కుట్టు మిషన్ పిన్నిగారు ఆరో తరగతిలో బడి మానేశారు. పది పాసవ్వాలని మనసులో ఉండి, ఒకరోజు నా డ్రస్ ఆల్టరేషన్ చేస్తూ, తల ఎత్తకుండా అడిగారు. “నాకు ఇప్పుడు వస్తుందంటావా అమ్మాయ్?”

ముందు దారి చెప్పాలి. ఓపెన్ స్కూల్లో పద్నాలుగేళ్లు నిండినవాళ్లు ఎవరైనా పదో తరగతికి చేరొచ్చు. బడికి రోజూ వెళ్లక్కర్లేదు. సబ్జెక్టులన్నీ ఒకేసారి రాయాలని లేదు, ఐదేళ్ల లోపు ఒక్కొక్కటిగా పూర్తి చేసుకోవచ్చు. ఈ చివరి మాట విన్నాకే పిన్నిగారు తల ఎత్తారు.

పెద్దవాళ్ల దగ్గర పద్ధతి పూర్తిగా మారుతుంది. “మీరు” అనే పిలవాలి, వాళ్లు మనల్ని “నువ్వు” అన్నా సరే. ఎర్ర పెన్ను వద్దు. “తప్పు” అనే బదులు “ఇది ఎలా వచ్చిందో చెప్పండి పిన్నిగారూ” అంటే, చెబుతూ చెబుతూ వాళ్లే దిద్దుకుంటారు. వేళ వాళ్లకు కుదిరేది కావాలి. మాకు మధ్యాహ్నం రెండు నుంచి మూడు. దసరా, సంక్రాంతి ముందు, పెళ్లిళ్ల సీజన్‌లో క్లాసు ఉండదు, బేరాలు ఉంటాయి. ఒకరోజు చదువుతుండగా ఎవరో జాకెట్ కొలత ఇవ్వడానికి వచ్చారు. పిన్నిగారు నోట్ బుక్ గబుక్కున జాకెట్ ముక్కల కింద తోసేశారు. నేను కూడా లేచి, చీరకు ఫాల్ వెయ్యడానికి వచ్చినదానిలా నిలబడ్డాను. ఆవిడ ఎవరికి చెప్పాలనుకుంటారో ఆవిడ ఇష్టం. వాళ్ల పిల్లల ముందు చదువు ప్రస్తావన నేనెప్పుడూ తేను.

పెద్దవాళ్లకు ఇప్పటికే వచ్చినదాన్ని వెతకడమే మన పని. భిన్నాలు రావని పిన్నిగారు ముందే చేతులెత్తేశారు. నేను మిషన్ మీది టేపు తీసి ముందు పెట్టాను. ఆ టేపులో ఒక అంగుళాన్ని ఎనిమిది భాగాలు చేసి గీతలు ఉంటాయి. “ముప్పావు అంగుళానికి ఒక గీత కలిపితే?” అన్నాను. “ముప్పావంటే ఆరు గీతలు, ఇంకోటి కలిస్తే ఏడు. అంగుళానికి ఒక గీత తక్కువ” అన్నారు, నా వైపు చూడకుండానే, సూదిలో దారం ఎక్కిస్తూ. కాగితం మీద 3/4 + 1/8 = 7/8 అని రాశాను. “మీరు చెప్పింది ఇదే” అన్నాను. చాలాసేపు చూశారు. “ఇదా!” అన్నారు. హారం సమానం చెయ్యడం గురించి నేను వేరే పాఠం చెప్పలేదు. పావు అంటే రెండు గీతలు, అర అంటే నాలుగు అని ఆవిడ చేతికి ముప్పై ఏళ్లుగా తెలుసు. ఆ తర్వాత ఐదో వంతు, ఏడో వంతు వచ్చినప్పుడు మాత్రం టేపు పనికిరాలేదు. అక్కడ నిజంగానే కష్టపడ్డాం, రెండు వారాలు పట్టింది.

అసలు అక్షరాలే రాని పెద్దవాళ్లు వస్తే ఓనమాల వరసలో వెళ్లకండి. వాళ్ల పేరు, ఊరి పేరు, వాళ్లెక్కే బస్సు మీది బోర్డు, రేషన్ కార్డు మీది మాటలు. వీటితో మొదలుపెట్టండి. సొంత పేరులోని నాలుగు అక్షరాలతో ఇంకెన్ని మాటలు చెయ్యొచ్చో చూపించండి. సంతకం ఎప్పుడు నేర్పుతావని మొదటి రోజే అడుగుతారు, అది మొదటి రోజే నేర్పేయండి.

తాతగారి ఫోన్

ఓనరుగారి నాన్నగారు డెబ్బై దాటిన మనిషి, రిటైరైన మాస్టారు. ఆయనకు కావాల్సింది ఫోన్‌లో డబ్బు పంపడం. ఇంట్లో వాళ్లు చాలాసార్లు “చూపించారు”. చూపించడమంటే ఫోన్ లాక్కుని టకటకా నొక్కేసి, “ఇంతే తాతయ్యా” అని తిరిగి ఇచ్చేయడం.

నా నియమం ఒక్కటే. ఫోన్ ఆయన చేతిలో, నా చేతులు నా ఒళ్లో. ముందు సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు పెంచాం, భాష తెలుగుకు మార్చాం. తర్వాత ప్రతి మెట్టూ ఆయనే తన చేతిరాతతో పాత డైరీలో రాసుకున్నారు. నేను ‘స్కాన్ నొక్కాలి’ అన్నది ఆయన ‘నాలుగు మూలల గడి బొమ్మను తాకవలెను’ అని రాసుకున్నారు. దిద్దలేదు, రేపు చదువుకునేది ఆయన. మొదటి పదిసార్లు కోడలికి ఒక్కొక్క రూపాయి పంపించాం. పిన్ నొక్కేటప్పుడు నేను మొహం పక్కకు తిప్పుకునేదాన్ని. మూడోసారి నుంచి ఆయనే “అటు చూడమ్మా” అనడం మొదలుపెట్టారు. అది కూడా పాఠంలో భాగమే.

డైరీ మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రెండు లైన్లు రాయించాను. డబ్బు మనకు రావడానికి పిన్ అక్కర్లేదు, ఎవరైనా అడిగితే మోసమే. డబ్బు పోయిందనిపిస్తే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి.

డబ్బు, సెలవులు, మన పరీక్షలు

ఫీజు మొదటి రోజే మాట్లాడండి, నవ్వుతూనే, స్పష్టంగా. నెలకు ఎన్ని క్లాసులు, పండగ సెలవుల్లో ఎలా, క్లాసు వాళ్ల వల్ల పోతే ఎలా, మన వల్ల పోతే ఎలా. నేను నెలకు పన్నెండు క్లాసులని చెప్పి, నెల మొదట్లో తీసుకుంటాను. ఒక ఇంట్లో మొహమాటపడి నెలాఖరుకు అన్నాను. మూడు నెలలు “వచ్చే వారం అమ్మా” అన్నారు, తర్వాత ఊరు మారిపోయారు. పిన్నిగారి దగ్గర డబ్బు తీసుకోను, నా బట్టలు ఆవిడే కుడతారు. తాతగారి దగ్గర తీసుకోకపోతే ఆయన ఒప్పుకోలేదు, ఎండాకాలమంతా మామిడిపళ్లు పంపించారు.

మన సెమిస్టర్ తేదీలు ముందే చెప్పి పెట్టాలి. మొదటి ఏడాది నేను చెప్పలేదు. పదో తరగతి అమ్మాయికి పబ్లిక్ పరీక్షల ముందు నాకు ఇంటర్నల్స్ పడ్డాయి, వారం రోజులు వెళ్లలేకపోయాను. ఆ అమ్మాయి ఏమీ అనలేదు కానీ వాళ్ల నాన్నగారి మొహం ఇప్పటికీ గుర్తుంది. ఇప్పుడు డేట్లు రాగానే అందరికీ చెప్పేస్తాను. నేను లేని వారానికి రోజుకు ఒక పేజీ చొప్పున పని రాసి ఇస్తాను.

ఊరు వదిలే ముందు

డిగ్రీ అయిపోతుంది, మనం వెళ్లిపోతాం. ఒక్కొక్కరికి ఒక్కో పేజీ రాసి, తర్వాత చెప్పబోయేవాళ్లకు ఇవ్వండి. మార్కులు రాయక్కర్లేదు. ఏది వచ్చింది, ఏది ఇంకా ఊగుతోంది, ఎలా చెబితే దారికొస్తారు అన్నది చాలు. కింది వాటా అబ్బాయి పేజీలో నేను ఇలా రాశాను: “తీసివేత బాగా వచ్చింది, సున్నాలున్నా భయం లేదు. భాగహారంలో మధ్యన సున్నా రావాల్సినచోట మింగేస్తాడు, 612ను 6తో భాగించమంటే 12 అంటాడు. నోట్లు పంచమని ఇస్తే 102 అని సరిగ్గా చెబుతాడు. కాగితం నోట్ల కట్ట వాళ్ల షోకేసు కింది అరలో ఉంది.”